దస్కత్ పడేదాకా

మా మామ రాయమల్లు ముప్పై నాలుగేళ్ళు బొగ్గుగనిలో పనిచేశాడు గాని, బొగ్గు తవ్వింది మొదటి రెండేళ్ళే. మిగతా కాలమంతా గని పైనే, దీపాల గదిలో గడిపాడు. పద్మాపూర్ దగ్గర ఆ గనిలో దాన్ని బత్తీఘర్ అనేవాళ్ళు. కిందికి దిగే ప్రతి మనిషీ ఆ కిటికీ దగ్గర తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, టోపీకి తగిలించుకునే దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. బోర్డు మీద మేకుకు బిళ్ళ వేలాడుతున్నంతసేపూ ఆ మనిషి భూమి కింద ఉన్నట్టే. పని ఇంతే. ఇంత పనికి మొహం అంతగా ఎందుకు బిగించుకుంటాడో పెళ్ళైన కొత్తలో నాకు అర్థమయ్యేది కాదు.

నేను మంచిర్యాల పిల్లని, తెలుగు మీడియంలో డిగ్రీ దాకా చదివాను. చంద్రపూర్‌కి కాపురానికొచ్చేసరికి ఆ ఇంట్లో తెలుగు చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మామకు మరాఠీ అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. మా ఆయన నాగేశ్వర్ మరాఠీ బడిలో చదివాడు, తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. అత్తమ్మ లస్మవ్వకు ఏ అక్షరాలూ రావు, వాటి అవసరం కూడా ఆమెకెప్పుడూ పడలేదు. ఇది తెలుగులో రాయడానికి నాకున్న ధైర్యం కూడా అదే. ఇంట్లో ఎవరూ చదవలేరు.

బత్తీఘర్‌లో షిఫ్టు మారడానికి ఒక పద్ధతి ఉంది. డ్యూటీ దిగేవాడు బోర్డు వైపు చూసి, కింద ఎంతమంది ఉన్నారో గట్టిగా చెప్పాలి. వచ్చినవాడు అదే మాట తిరిగి చెప్పి, చార్జి పుస్తకంలో దస్కత్, అంటే సంతకం, చేయాలి. ఆ దస్కత్ పడేదాకా డ్యూటీ పాతవాడిదే. వచ్చేవాడు రాకపోతే కుర్చీ దిగడానికి వీల్లేదు. పుస్తకంలో ఉన్న రూలు ఇది. పుస్తకంలో ఉన్న రూళ్ళు అందరికీ ఉంటాయి, మా మామకు మాత్రం ఒంట్లో ఉండేవి.

ఒకసారి సమ్మయ్య అనే అతను డ్యూటీకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇంకా కలం పట్టలేదు. ఈలోగా ఎవరో తొందరపెడితే సరిగ్గా చార్జి ఎక్కని దీపం తీసి ఇచ్చాడు. ఆ దీపం కింద సగం దారిలో ఆరిపోయింది. ఆ మనిషి చీకట్లో గోడ పట్టుకుని గంటసేపు కూర్చున్నాడట. మెమో సమ్మయ్య పేరు మీద వచ్చింది. మామ చార్జి పుస్తకం చంకన పెట్టుకుని మేనేజరు దగ్గరికెళ్ళి, ఇందులో సమ్మయ్య దస్కత్ లేదు, కాబట్టి తప్పు నాది అని చెప్పి, మూడు రోజులు సస్పెండ్ చేయించుకుని ఇంటికొచ్చాడు. అత్తమ్మ ఆ మూడు రోజులూ ఆయన్ని వదిలిపెట్టలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరంతా వినేలా తిట్టింది. ఆయన పెరట్లో కూర్చుని బెండకాయ చెట్లకు నీళ్ళు పోసుకున్నాడు.

అత్తమ్మ తిట్టడమే కాదు, ఆ పద్ధతిని వంటింట్లోకి కూడా తెచ్చింది. పొయ్యి మీద పప్పు, అన్నం పెట్టి బయటికెళ్ళాల్సి వస్తే నా వైపు తిరిగి, మొహం మామలాగే బిగించి, "రెండు కింద" అనేది. నేను "రెండు కింద, నేను సూస్కుంట" అనాలి. అనకపోతే కదిలేది కాదు. నా కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడు ఊయల దగ్గర నుంచి లేస్తూ "ఒక్కలు కింద" అనేది. రాత్రి గిన్నెలన్నీ దించి పొయ్యి తుడిచాక, మామకు వినబడేలా "బోర్డు ఖాళీ" అని అరిచేది. మామ నవ్వేవాడు కాదు గాని, ఆ మాట పడేదాకా పక్క ఎక్కేవాడు కాదు.

రెండు వేల పద్నాలుగు జూన్ రెండున తెలంగాణ వచ్చింది. మా కాలనీలో కరీంనగర్ వాళ్ళు, ఆదిలాబాద్ వాళ్ళు పాలకోవా పేడాలు పంచారు. అత్తమ్మ పుట్టిల్లు జివతి గుట్టల మీద. ఆ ఊరు మాదంటే మాదని ఇటు మరాఠీ రాష్ట్రం, అటు తెలుగు రాష్ట్రం రెండూ అంటాయి. ఇద్దరు సర్పంచులు, ఇంటింటికీ రెండు రేషన్ కార్డులు. మా పుట్టింటివాళ్ళు రెంటికీ చెడ్డ రేవళ్ళు కాదు, రెండు చేతులా తిన్నవాళ్ళు అని ఆమె గొప్పగా చెప్పుకునేది. ఆ రోజు పేడా తింటూ, ఇప్పుడు మా తమ్ముడు ఆ ఆంధ్రా కార్డు పారేసి తెలంగాణ కార్డు తెచ్చుకోవాలా, లేక అదే కార్డు తనంతట తానే మారిపోతుందా అని అడిగింది. నాకు తెలియదన్నాను. డిగ్రీ చదివినవు గద అంది.

నాలుగో తారీఖు పొద్దున అత్తమ్మ బట్టలు ఆరేస్తూ పడిపోయింది. నేను వెళ్ళేసరికి తడిచీర సగం తీగ మీద, సగం ఆమె మీద ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. గంటలోపే చంద్రపూర్‌లో పెద్ద ఆస్పత్రికి చేర్చాం. మెదడు కాండంలో నరం చిట్లిందన్నారు. గొంతులోకి గొట్టం వేసి యంత్రానికి తగిలించారు.

ఐసీయూలోకి తీసుకెళ్ళేటప్పుడు ఒక నర్సు బయటికొచ్చి అత్తమ్మ మట్టెలు, గాజులు, ముక్కుపుడక ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, బెడ్డు నంబరు రాసిన చీటీ అతికించి మామ చేతికిచ్చింది. ఆయన ఆ సంచిని చాలాసేపు చూసి, చొక్కా జేబులో పెట్టుకుని గుండీ వేశాడు. రిటైర్మెంటుకి ఇంకా ఇరవై ఆరు రోజులుంది. నేను కాపురానికొచ్చాక ఆయన సెలవు పెట్టడం అదే మొదటిసారి.

ఐదు రోజులు ఆ వరండాలో కూర్చున్నాం. ఎండ నలభై నాలుగు డిగ్రీలు, వాన జాడ లేదు. కూలరు వేడిగాలినే తిప్పి కొడుతోంది. నాకు ఏడుపు రాలేదు. టిఫిన్ డబ్బాలు కడగడం, పిల్లని పక్కింటి దుర్గమ్మ దగ్గర దించి రావడం, మళ్ళీ కూర్చోవడం. ఎవరో నాలో దూరి ఈ పనులన్నీ చేసిపెడుతున్నట్టు ఉండేది.

నాలుగో రోజు డాక్టరు మమ్మల్ని గదిలోకి పిలిచాడు. మరాఠీలో నిదానంగా చెప్పాడు, నాగేశ్వర్ తెలుగులో చెప్పాడు. మెదడు పోయింది. కంటిపాప వెలుగుకి కదలడం లేదు. యంత్రం కాసేపు ఆపి చూశారు, సొంత శ్వాస ఒక్కటీ రాలేదు. గుండె మాత్రం కొట్టుకుంటోంది, అదీ మందుల మీద. ఇవాళో, నాలుగు రోజులకో తనంతట తానే ఆగిపోతుంది. యంత్రం మేము తియ్యం, కాయదా, అంటే చట్టం, ఒప్పుకోదు అన్నాడు. ఇంటికి తీసుకుపోతామని మీరు సంతకం పెడితే అంబులెన్సులో పంపిస్తాం. దారిలో చేత్తో నొక్కే రబ్బరు సంచి ఉంటుంది, దానితో గాలి పంపవచ్చు. ఇంటికెళ్ళాక మీ ఇష్టం. మీ ఇష్టం అన్నప్పుడు ఆయన మా ఎవ్వరి మొహమూ చూడలేదు.

మామ ఒక్కటే అడిగాడు, గుండె కొట్టుకుంటోందా అని. డాక్టరు అవునన్నాడు.

"గట్లయితే మనిషి కింద ఉన్నట్టే," అన్నాడు మామ. లేచి బయటికెళ్ళిపోయాడు.

ఆ రోజే అత్తమ్మ తమ్ముడు భీమన్న జివతి నుంచి దిగాడు. రెండు రేషన్ కార్డులూ వెంట తెచ్చాడు, ఏది పనికొస్తుందో తెలియక. ఏదీ ఎవరూ అడగలేదు. వాటిని చేతిలో పట్టుకునే వరండాలో మామ పక్కన కూర్చున్నాడు. మా వైపు ఆచారం ప్రకారం బయట ప్రాణం పోయిన మనిషిని గడప దాటించి లోపలికి తేరు. వాకిట్లోనే పడుకోబెట్టి, అక్కణ్ణుంచే తీసుకుపోతారు. భీమన్నకు ఉన్న భయమంతా అదే. మా అక్క ఆస్పత్రిలో పోతే కుక్కలు తిరిగే వాకిట్లో పండుతుందా అని అడిగాడు. గుట్ట మీదికి తీసుకుపోదామన్నాడు. క్వార్టరు మనది కాదు, కంపెనీది, వచ్చే నెల ఖాళీ చేసేదే, అందులో పోతే ఇంట్లో పోయినట్టు ఎట్లవుతుందన్నాడు.

"ముప్పై ఏండ్లు ఊడ్సింది. ఇంకెవలిదయితది?" అన్నాడు మామ.

ఇల్లు ఏదో తేలింది గాని, సంతకం పడలేదు. సంతకం పెడితే ఇంట్లో పోతుంది, కాని మనం పోనిచ్చినట్టు. పెట్టకపోతే అద్దం వెనక ఒక్కతే పోతుంది, ఇక గడప దాటదు. ఈ రెండే ఉన్నాయని అందరికీ తెలుసు. నాగేశ్వర్ తండ్రి మీద విసుక్కున్నాడు. నువ్వు పెట్టవు, నన్ను పెట్టనివ్వవు అన్నాడు. మామ జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ కోపమే వచ్చింది. ఈ మనిషి పంతం కోసం ఆమె గొంతులో ఆ గొట్టం ఇంకెన్నాళ్ళు అనుకున్నాను.

తొమ్మిదో తారీఖు పొద్దున నర్సు బయటికొచ్చి, బీపీ నిలవడం లేదు, మందు ఇంతకన్నా పెంచలేం, ఏదైనా అనుకుంటే ఇప్పుడే అనుకోండి అంది. మామ లేచి డాక్టరు దగ్గరికెళ్ళాడు. ఇల్లు చేరేదాకా గాలి ఆగదు కదా అని అడిగాడు. సంచి నొక్కే మనిషి ఉంటే ఆగదన్నాడాయన. ఆ మనిషిని నేనే అన్నాడు మామ. కాగితంలో ఏముందో నాగేశ్వర్ చదివి చెప్పబోతే వద్దన్నాడు. ఒక్కో అక్షరం చెక్కినట్టు మరాఠీలో రాయమల్లు అని దస్కత్ పెట్టాడు.

అంబులెన్సు మనిషి సంచి ఎలా నొక్కాలో చూపించాడు. నొక్కాలి, వదలాలి, ఐదు లెక్కపెట్టాలి, మళ్ళీ నొక్కాలి. మామకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. అరగంట దారిలో గుంతలొచ్చినా, రైల్వే గేటు పడినా ఆ చెయ్యి తప్పలేదు. క్వార్టరు చేరేసరికి పదకొండున్నర. ముందు గదిలో చాప పరిచి దక్షిణం తలగా పడుకోబెట్టాం. ఆక్సిజన్ సిలిండరు తీసుకుపోతూ అంబులెన్సు మనిషి గుమ్మంలో ఆగి, ఎప్పుడు ఆపాలనుకుంటే అప్పుడు ఆపండి అని నేలకేసి చూస్తూ చెప్పి వెళ్ళిపోయాడు.

అందరం తలో చుక్క తులసినీళ్ళు పెదవుల పక్కన పోశాం. తర్వాత చేయడానికి ఏమీ మిగల్లేదు. మామ నొక్కుతూనే ఉన్నాడు.

పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. "బావా, ఇగ సాలు, దాన్ని పోనియ్యి," అన్నాడు భీమన్న. మామ ఐదు లెక్కపెట్టి మళ్ళీ నొక్కాడు. నాగేశ్వర్ తన తల్లి మొహం చూడలేక సందు చివర వేపచెట్టు కిందికెళ్ళి, మాటిమాటికీ బండి తాళాలు జేబులోంచి తీసి పెడుతున్నాడు. రెండు దాటింది. దుర్గమ్మ నా పక్కకొచ్చి, గుండె రాయి చేసుకోమని చెప్పమ్మా అంది. నేనెవరిని చెప్పడానికి అనుకున్నాను. పైగా నా గుండె అప్పటికే రాయి అయి కూర్చుంది, దానికి ఇంకేం చెయ్యాలి.

మూడున్నర ప్రాంతంలో ఒకటి గమనించాను. గుమ్మంలోకి ఎవరొచ్చినా మామ తలెత్తి వాళ్ళని చూస్తున్నాడు. పాదాల దగ్గర్నుంచి మొహం దాకా చూసి, మళ్ళీ తల దించేస్తున్నాడు. ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టు ఉంది. రావలసిన చుట్టాలందరూ వచ్చి వాకిట్లోనే ఉన్నారు. ఇంకెవరు రావాలి?

నాలుగింటికి గని భోంగా మోగింది. షిఫ్టు మారే కూత. మామ నడుము నిటారుగా చేసుకుని గుమ్మం వైపు చూశాడు. అప్పుడు నాకు తెలిసింది. ఆయన ఆపనంటూ కూర్చోలేదు. మనిషి కింద ఉండగా కుర్చీ దిగడం ఆయనకు రాదు. చార్జి తీసుకునేవాళ్ళు రావాలి. ఐదు గంటలుగా ఒక్కరూ రాలేదు. చాలు అన్నవాళ్ళే గాని, నాకివ్వు అన్నవాళ్ళు లేరు.

పెరట్లోకెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కున్నాను. కొంగుతో తుడుచుకుని, చుట్టూ తిరిగి ముందు గుమ్మంలోంచే లోపలికొచ్చాను. ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"మామా, నేనొచ్చిన. దిగు."

ఆయన నా పాదాల నుంచి మొహం దాకా చూశాడు. ఈసారి తల దించలేదు. గోడ మీద గడియారం చూశాడు, నాలుగూ ఇరవై. తర్వాత అత్తమ్మను చూశాడు.

"ఒక్కలు కింద," అన్నాడు.

"ఒక్కలు కింద. నేను సూస్కుంట."

సంచి మీద తన చేతి కింద నా చెయ్యి దూర్చుకున్నాడు. ఇద్దరం కలిసి ఒకసారి నొక్కాం. తర్వాత ఆయన చెయ్యి తీసేశాడు. మోకాళ్ళు సాగక గోడ పట్టుకుని లేచి, వెనక్కి చూడకుండా వాకిట్లోకెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. భీమన్న, దుర్గమ్మ కూడా ఆయన వెనకే వెళ్ళారు. గదిలో నేనూ అత్తమ్మా మిగిలాం.

ఎన్నిసార్లు నొక్కానో గుర్తు లేదు. పది ఉంటుందేమో. అత్తమ్మ మూతి చుట్టూ ఆస్పత్రి టేపు, దాని అంచు ఊడి దుమ్ము అంటుకుంది. ఆ అంచుని వేలితో సరిచేశాను. అలా సరిచేసిన చెయ్యి మళ్ళీ సంచి మీదికి పోలేదు. ఐదు లెక్కపెట్టాను. పది, ఇరవై. ఛాతీ లేవలేదు. ఛాతీ మీద చెవి పెట్టాను. లోపల కొంతసేపు చప్పుడుంది, తర్వాత లేదు. నాకేమీ అనిపించలేదు. గొప్పకు చెప్పడం లేదు, సిగ్గుపడే చెబుతున్నాను. నా కూతురికి నలుగు పెట్టి, నాకు పథ్యం వండిపెట్టిన మనిషి ఆమె. నాకేమీ అనిపించలేదు.

వాకిట్లోకి వచ్చాను. మామ తలెత్తాడు.

"బోర్డు ఖాళీ, మామా."

ఆయన లేచి లోపలికొచ్చి, చొక్కా జేబు గుండీ విప్పి ఆ ప్లాస్టిక్ సంచి తీశాడు. చీటీ చింపేసి, మట్టెలు తన చేత్తోనే ఆమె వేళ్ళకు తొడిగాడు. అప్పుడు భీమన్న గొల్లుమన్నాడు. నాగేశ్వర్ చెట్టు కింది నుంచి పరుగెత్తుకొచ్చి, ఎవరు ఆపిండ్రు అని అరిచాడు. నేను నోరు తెరవబోయాను.

"నేనే," అన్నాడు మామ.

ఆ మాటే దినాలన్నీ అన్నాడు. భీమన్న, దుర్గమ్మ చూసింది కూడా ఆయన చెయ్యి తీసి లేవడమే, గాలి అక్కడే ఆగిందనుకున్నారు. పరామర్శకొచ్చినవాళ్ళు అడిగితే నేనే అన్నాడు. కొందరు ఎంత నిబ్బరమని మెచ్చుకున్నారు. భీమన్న పెళ్ళాం మాత్రం ఆయన చేతి నీళ్ళు ముట్టలేదు. అక్క ప్రాణం తీసిన చెయ్యి అంది, ఆయన వింటుండగానే. నాగేశ్వర్ తండ్రితో నెలరోజులు సరిగా మాట్లాడలేదు. జూన్ ముప్పైన మామ బత్తీఘర్‌లో ఆఖరి చార్జి అప్పగించి వచ్చినప్పుడు కూడా ఎదురెళ్ళలేదు.

పదకొండో రోజు అయ్యాక ఒక మధ్యాహ్నం నేను చాటలో బియ్యం ఏరుతుంటే మామ వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఎందుకట్ల చెప్పినవు మామా, చార్జి నాకిచ్చినవు గద అని అడిగాను. ఆయనకు నా ప్రశ్నే వింతగా తోచింది.

"బుక్కుల దస్కత్ పెట్టినవా?"

"లేదు."

"మరి? దస్కత్ పడేదాంక డ్యూటీ పాతోనిదే, బిడ్డా."

నాకు ఏడుపొచ్చింది. అన్ని రోజులకి అప్పుడొచ్చింది. ఏడుస్తుంటే ఆయన చాట తన వైపు లాక్కుని, మిగిలిన బియ్యం ఏరాడు.

మామ పోయి రెండేళ్ళయింది. ఆయన పోయినరోజు నాగేశ్వర్, అమ్మని ఆపిన చెయ్యి ఇదే అంటూ ఆ చేతిని పట్టుకుని ఏడ్చాడు. అప్పుడు కూడా నా నోరు పెగల్లేదు. అతను తెలుగు చదవలేడు. నా కూతురూ మరాఠీ బడికే పోయింది. అయినా పుస్తకంలో ఉండవలసింది ఉండాలి కదా, అందుకని రాస్తున్నాను. రెండు వేల పద్నాలుగు, జూన్ తొమ్మిది, సోమవారం, సాయంత్రం నాలుగూ ఇరవై. ఒక్కలు కింద. చార్జి తీసుకున్నది నేను.

రాజకుమారి.